పోర్టు: మా ఇంట్లో పుట్టి పెరిగిన మాట

మా వైజాగ్‌లో మనిషిని గుర్తుపట్టాలంటే ఇంటిపేరు కంటే ముందు పని అడిగేవాళ్లు. "వాళ్లు షిప్‌యార్డు వాళ్లు", "వీళ్లు స్టీలుప్లాంటు వాళ్లు", "ఆయన కాల్టెక్స్‌లో చేస్తారు". పెళ్లి సంబంధాలు కూడా ఈ లెక్కనే నడిచేవి. మేం పోర్టు వాళ్లం. ఉండేది పోర్టు క్వార్టర్స్‌లో, జ్వరం వస్తే పోర్టు ఆసుపత్రి, ఆటలకి పోర్టు స్టేడియం, బడికి వెళ్తుంటే కనబడేది పోర్టు గేటు. అమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా రోజుకి ఎన్నిసార్లు ఆ మాట అనేదో. "మీ నాన్న పోర్టు నుంచి రాలేదు, అన్నం మూతపెట్టి ఉంచు" అనేది. అమ్మకి అన్నం, ఉప్పు, పోర్టు మూడూ ఒకేరకం మాటలు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో వినబడే మాట ఏ భాషదని ఎవరు అడుగుతారు?

ఆ మాట వెనక ఎంత పెద్ద సంసారం ఉందో నాకు చాలా ఏళ్లకి తెలిసింది. తెలిసిన ప్రతిసారీ నాన్న పనిలో ఏదో ఒక ముక్క అందులో కనిపించింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాన్న పోర్టులో లాస్కర్‌గా, అంటే ఓడ పనివాడిగా చేరి, లాస్కర్ల మీద మేస్త్రీ లాంటి టిండాల్‌గా రిటైరయ్యారు. పని టగ్గు మీద, అంటే పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ మీద. పెద్ద ఓడ తనంతట తాను జెట్టీకి వచ్చి ఆగలేదు. లోపలికొచ్చే నీటిదారి, ఛానెల్, ఇరుకు, లోపల తిరగడానికి చోటు తక్కువ. ఓడకి దారి చూపే పైలట్ సముద్రంలోనే ఓడెక్కుతాడు. ఆయన చెప్పినట్టు టగ్గులు ముందొకటి వెనకొకటి తాడు పట్టుకుని ఓడని లాక్కుంటూ, నెట్టుకుంటూ తీసుకొచ్చి బెర్తుకి, అంటే ఓడని కట్టే చోటుకి ఆనిస్తాయి. ఆ తాడుని హాసర్ అనేవారు. చెయ్యంత లావు. బరువు పడ్డప్పుడు అది నీళ్లు కారుస్తూ సన్నగా సాగి, ఒక రకమైన మూలుగు పెడుతుంది. ఆ మూలుగు మొదలైతే తాడు వరసలో ఎవరూ నిలబడకూడదు, తెగితే మనిషిని కోసేస్తుంది. నాన్న అరచేతుల్లో కాయలుండేవి. నా తల నిమిరితే జుట్టు వాటికి పట్టుకునేది.

ఒకసారి పండక్కి సిబ్బంది పిల్లల్ని జెట్టీ దాకా రానిచ్చారు. చీకటి పడే వేళకి ఒక ఓడ లోపలికొస్తోంది. దాని ఎడమ పక్కన ఎర్రలైటు, కుడి పక్కన పచ్చలైటు. నాన్న నన్ను ముందుకి నిలబెట్టి చెప్పారు: "ఎరుపు పోర్టు, పచ్చ స్టార్‌బోడు. నువ్వు ఎటు తిరిగి నిలబడ్డావన్నది లెక్కలేదు బాబూ, ఓడ ముక్కు ఎటుంటే అటు చూసుకోవాల." నాకు అర్థం కాలేదు. పోర్టంటే మనం నిలబడ్డ చోటు కదా, ఓడకి ఎడమ పక్క ఎలా అయింది? నాన్న డాల్ఫిన్స్ నోస్ కొండ చూపించారు. లోపలికొచ్చే ఓడకి డాల్ఫిన్స్ నోస్ పోర్టు వైపు, పాత ఊరూ రాస్ హిల్ కొండా స్టార్‌బోర్డు వైపు. అదే ఓడ సరుకు దించుకుని వెళ్లిపోయేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ స్టార్‌బోర్డుకి మారుతుంది. కొండ కదల్లేదు, ఓడ తిరిగింది. ఎడమ, కుడి అని అరిస్తే ఎవరి ఎడమ, ఎవరి కుడి అన్న గొడవ వస్తుంది. పోర్టు అంటే ఆ గొడవే లేదు.

ఆ ఎడమ పక్కకి పోర్టు అన్న పేరు ఎందుకొచ్చిందో తర్వాత చదివాను. పాతకాలం యూరపు ఓడల్లో చుక్కాని వెనక మధ్యలో ఉండేది కాదు. కుడి పక్కన వేలాడదీసిన పెద్ద తెడ్డే చుక్కాని. ఎక్కువమందికి కుడిచేతి వాటం కాబట్టి అటు పెట్టారు. పాత ఇంగ్లీషులో దాన్ని స్టేయోర్‌బోర్డ్ అన్నారు, అంటే చుక్కాని తిప్పే పక్క. అదే స్టార్‌బోర్డ్ అయింది. చుక్కాని నలిగిపోకూడదు కాబట్టి రేవుకి ఎప్పుడూ ఎడమ పక్కనే ఆనించేవారు. సరుకు ఎక్కేదీ దిగేదీ అటే. ఆ పక్కని మొదట్లో లార్‌బోర్డ్ అనేవారు. స్టార్‌బోర్డ్, లార్‌బోర్డ్. గాలివానలో, అలల హోరులో ఈ రెండు కేకలకీ తేడా ఏం తెలుస్తుంది? అందుకే 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్‌ని పక్కనపెట్టి పోర్ట్ అనే అనాలని ఉత్తర్వు ఇచ్చింది. 1846లో అమెరికా నౌకాదళమూ అదే చేసింది. రేవు వైపుండే పక్క గనక పోర్టు. ఇది నాన్నకి చెప్తే చాలాసేపు ఆలోచించి, "మంచి పని చేసారు. మాట ఇనబడకపోతే పేణాలే పోతాయి" అన్నారు. హాసర్ పట్టుకున్న మనిషి కాబట్టి ఆ ఉత్తర్వు విలువ ఆయనకి వెంటనే తెలిసింది.

ఇంకో విషయం కూడా నాన్న నోటి నుంచే విన్నాను. ఛానెల్లోకి వస్తుంటే దారి చూపడానికి నీళ్ల మీద తేలే గుర్తులుంటాయి, బోయాలంటారు. పోర్టు వైపు ఎర్ర బోయాలు, స్టార్‌బోర్డు వైపు పచ్చ బోయాలు ఉంటాయి. జపాన్‌లో, అమెరికాలో ఇది తిరగబడుతుంది. మన ఇనప ఖనిజం ఎత్తుకుపోవడానికి జపాన్ ఓడలు వచ్చిన రోజులవి. "ఆళ్ల ఊళ్లో ఎరుపు కుడిపక్కనుంటాదంట" అని ఆశ్చర్యంగా చెప్పేవారు. ఓడకుండే లైట్లు మాత్రం ప్రపంచమంతా ఒకటే.

మా తాతకి పోర్టంటే ఇంకోలా తెలుసు. ఆయన భీమిలి దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. ఇప్పుడు క్రేన్లు నిలబడ్డ చోటంతా ఉప్పుటేరు, బురద, చిత్తడి అని చెప్పేవాడు. మేఘాద్రిగెడ్డ వచ్చి సముద్రంలో కలిసే చోటు అది. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు ఆ బురద తవ్వించి హార్బరు కట్టారు. మధ్య పరగణాల మాంగనీసుకి సముద్రం దాకా దారి కావాలి, అదీ అసలు కారణం. అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని తెచ్చి కావాలనే ముంచి గోడలా నిలబెట్టారు. తాత దీన్ని ఎన్నిసార్లు చెప్పినా మాకు కొత్తగానే ఉండేది. ఓడని కాపాడటానికి ఓడనే ముంచడం! 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికొచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. అప్పటికి బెర్తులు మూడే.

డిగ్రీ చదివేటప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లే అలవాటైంది. అక్కడ పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు బల్లల మీద ఉండేవి, ఇంటికివ్వరు. పరీక్షలకి చదవాల్సింది పక్కనపెట్టి ఒకరోజు పోర్ట్ అనే మాట వెతికాను. ఒక్క మాట అనుకున్నాను గానీ పేజీ నిండా ఉంది. ఒకటి, రెండు, మూడు అని అంకెలేసి వేరువేరు మాటలుగా ఇచ్చారు. లాటిన్‌లో పోర్టుస్ అంటే ఓడరేవు. పోర్టా అంటే కోట గుమ్మం. పోర్టారే అంటే మోసుకెళ్లడం. మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవే: దాటడం, దాటించడం అన్న అర్థం ఉన్న ఒక ప్రాచీన ధాతువు నుంచి. సాయంత్రం బస్సు దిగి పోర్టు గేటు ముందు నుంచి నడుస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. పోర్టు, గేటు, దాని ముందు బస్తా భుజాన వేసుకుని నిలబడ్డ కళాసీ, మూడూ ఒక్క చోటే ఉన్నాయి.

రోమన్లకి పోర్టునుస్ అని ఒక దేవుడు ఉండేవాడు. రేవులకీ తలుపులకీ ఆయనే అధిపతి, చేతిలో తాళంచెవి. ఆగస్టు 17న ఆయన పండగ. రోమ్‌లో టైబర్ నది ఒడ్డున ఆయన గుడి ఇప్పటికీ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. రేవుకీ తలుపుకీ ఒకే దేవుడంటే వింతగా అనిపించేది, ఆలోచిస్తే అందులో వింతేం లేదు. ఊళ్లోకి వచ్చే దారి అది. ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని ఆపాలి అని ఒకరు కాపలా కాయాలి. మా పోర్టు గేటు దగ్గర పాసు చూపించనిదే నాన్ననైనా లోపలికి పంపేవారు కాదు. పాస్‌పోర్టు మాట కూడా ఇక్కడిదే. రేవునో గుమ్మాన్నో దాటనివ్వమని ఇచ్చే కాగితం. మా చిన్నాన్న కొడుకు గల్ఫ్ వెళ్లడానికి పాస్‌పోర్టు తెచ్చుకున్న రోజు ఇల్లంతా దాన్ని చేతులు మార్చుకుని చూశాం. తాత దాన్ని కళ్లకి అద్దుకుని దేవుడి గూట్లో పెట్టమన్నాడు.

ఆపర్చునిటీ సంగతి చదివినప్పుడు మాత్రం ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. లాటిన్‌లో ఓపోర్టూనుస్ అనే మాట ఉంది. రేవు వైపుకి వీచే గాలి గురించి పుట్టిన మాట. ఓడకి ఇంజనూ టగ్గూ లేని రోజుల్లో సముద్రం మీదుండే మనిషి ఆ గాలి కోసం ఎదురుచూసేవాడు. వస్తే ఇల్లు చేరతాడు, రాకపోతే నీళ్ల మీదే. ఇంటర్వ్యూల్లో, దరఖాస్తుల్లో మనం నలిపి నలిపి వాడే ఆ మాటలో తెరచాప ఉంది, ఉప్పుగాలి ఉంది. తాతకి ఇది చెప్పాను. ఆయన చిన్నప్పుడు తెప్ప మీద చేపలకి వెళ్లినవాడు. "గాలి ఒడ్డుకి తిరిగిందంటే పెళ్లికెల్తన్నట్టుండేది" అన్నాడు.

మోసుకెళ్లడం అన్న కొమ్మ అన్నిటికంటే పెద్దది. ఇంపోర్ట్ అంటే లోపలికి మొయ్యడం, ఎక్స్‌పోర్ట్ అంటే బయటికి. మనం దిగుమతి, ఎగుమతి అన్నాం. రోమన్లు లోపలా బయటా చూస్తే, మనవాళ్లు ఓడ మీదకి ఎక్కడం, కిందకి దిగడం చూశారు. జెట్టీ మీద నిలబడ్డవాడికి కనిపించేది అదే మరి. రిపోర్ట్ అంటే వెనక్కి మోసుకురావడం, కబురు తేవడం. సపోర్ట్ అంటే కిందనుంచి మొయ్యడం. బస్తా ఎత్తుకునేవాడికి కింద చెయ్యిపట్టే ఇంకో కళాసీని తలుచుకుంటే ఆ మాట కళ్లకి కడుతుంది. స్పోర్ట్ కూడా ఇందులోదే. పాత ఫ్రెంచిలో దెస్పోర్తే అంటే మనసుని పని మీద నుంచి పక్కకి తీసుకుపోవడం, కాలక్షేపం. అది ఇంగ్లీషులో డిస్పోర్ట్ అయి, ముందు అక్షరాలు రాలిపోయి స్పోర్ట్ మిగిలింది. అంటే పోర్టు స్టేడియంలో మేం ఆడిన క్రికెట్‌కీ బయట పోర్టుకీ చుట్టరికం ఉందన్నమాట.

పోర్టర్ అనే మాటలో రెండు మాటలు కలిసిపోయాయి. గుమ్మం కాసే పోర్టర్ పోర్టా నుంచి వచ్చాడు, బరువు మోసే పోర్టర్ పోర్టారే నుంచి వచ్చాడు. పోర్ట్ వైన్ సంగతి చిన్నది: అది పోర్చుగల్‌లోని పోర్టో నగరం మీదుగా బయటికి వెళ్లేది, ఆ పేరే నిలిచింది. అసలు ఆ దేశం పేరే పోర్టుస్ కాలే అనే పాత రేవు పేరు నుంచి వచ్చింది.

తుపాను రోజులు రాయకుండా ఉండలేను. రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలవగానే ఇంట్లో అందరం నోరుమూసుకునేవాళ్లం. "విశాఖపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరవేశారు." ఎగరవేయడమంటే నిజంగానే ఎగరవేయడం. పగలు స్తంభానికి శంకువుల్లాంటివి, పీపాల్లాంటివి కడతారు, రాత్రి లైట్లు పెడతారు. నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. నంబరు పెరిగినకొద్దీ అమ్మకి టెన్షన్ పెరిగేది. ఎనిమిదంటే పెను తుపాను పోర్టుని తన ఎడమ పక్కకి వదిలేసి తీరం దాటబోతోందని. తొమ్మిదంటే కుడి పక్కకి వదిలి. పదంటే పోర్టు మీదనుంచే, లేకపోతే దాని పక్కనుంచే. పదకొండంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. తుపాను కూడా ఓడలాగే పోర్టుకి ఎటువైపు నుంచి వెళ్తుందో చెప్పుకుంటూ వస్తుంది.

గాలివానలో ఏ రేవు దొరికినా చాలని ఇంగ్లీషులో ఒక సామెత ఉంది. నాన్న చెప్పింది దానికి ఎదురు. పెద్ద తుపాను వస్తోందంటే బయటి హార్బరులో ఉన్న ఓడల్ని తాళ్లు విప్పి సముద్రంలోకి పంపేసేవారు. బెర్తుకి కట్టి ఉంచితే అలలకి ఓడ వెళ్లి గోడకి కొట్టుకుంటుంది, ఓడా పోతుంది, బెర్తూ పోతుంది. నడిసముద్రంలో ఇంజను వేసుకుని అలకి ముక్కు ఎదురుపెట్టి నిలబడటమే మేలు. అందరూ ఇళ్లకి పరిగెడుతుంటే నాన్న వాళ్లు టగ్గులెక్కి ఓడల్ని బయటికి లాగి, ఆ తర్వాత ఇంటికొచ్చేవారు. ఆ రాత్రుల్లో అమ్మ కిరసనాయిలు దీపం దగ్గర కూర్చుని ఉండేది. పడుకోమన్నా పడుకునేది కాదు. సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినబడ్డాకే లేచి అన్నం వడ్డించేది.

మన పట్నం అన్న మాటని నేను ఆ చదువుల తర్వాతే సరిగ్గా చూశాను. విశాఖపట్నం, భీమునిపట్నం, మచిలీపట్నం, కళింగపట్నం, కృష్ణపట్నం, నిజాంపట్నం. అన్నీ సముద్రం ఒడ్డునే. పట్టణమంటే మనకిప్పుడు పెద్ద ఊరు గానీ, ఈ తీరంలో ఆ పేరు పెట్టుకున్నవన్నీ ఓడలు ఆగిన ఊళ్లు. అంటే 'విశాఖపట్నం పోర్టు' అన్నప్పుడు రేవుని రెండుసార్లు తలుచుకుంటున్నాం. పోర్ట్ బ్లెయిర్‌ది ఇంకో కథ. అండమాన్‌ని సర్వే చేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరది. మా వీధిలోనే చాలామందికి అక్కడ చుట్టాలు. వైజాగ్ నుంచి వెళ్లే ఓడలో డెక్కు మీద చాపలు పరుచుకుని, ఆవకాయ జాడీలు ఒళ్లో పెట్టుకుని వెళ్లేవారు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. మా పక్కింటి అత్తమ్మ మాత్రం ఇప్పటికీ "మావోడు పోర్టుబ్లేర్ల ఉన్నాడు" అనే అంటుంది.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఆ పాత ధాతువు మనదాకా వచ్చిందని తెలియడం. దాటడం అన్న ఆ మూలం నుంచే సంస్కృతంలో పారం అనే మాట వచ్చిందని భాషాశాస్త్రం చెప్తుంది. పారమంటే అవతలి ఒడ్డు. అవతలి ఒడ్డు కనబడనిది అపారం. ఇంగ్లీషులో ఫోర్డ్, అంటే ఏరు నడిచి దాటే చోటు, అదీ ఇందులోదే. ఫెర్రీ కూడా. పాత ఊళ్లో ఫెర్రీ రోడ్డు ఉంది కదా, ఆ రేవు నుంచి పడవలో ఛానెల్ దాటి నాన్న అవతలి ఒడ్డుకి పనికి వెళ్లిన రోజులు నాకు బాగా గుర్తు. నేనూ అమ్మా గట్టు మీద నిలబడి చెయ్యి ఊపేవాళ్లం.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్ చూసి "నాన్నా, నీ నంబరు పోర్టు పెట్టెయ్, సిగ్నల్ బాగుంటుంది" అంటుంది. 2011 జనవరి నుంచి దేశమంతా వచ్చిన సౌకర్యం అది. పోర్ట్ అని టైపు చేసి పక్కన నంబరు కొట్టి 1900కి మెసేజ్ పంపితే ఒక కోడ్ వస్తుంది, అది కొత్త కంపెనీకిస్తే నంబరు మారకుండా కంపెనీ మారుతుంది. నంబరుని మోసుకుపోవడం, పోర్టారే. చార్జర్ గుచ్చే కన్నం కూడా పోర్టే, అది పోర్టా, గుమ్మం. వాళ్ల తరానికి పోర్టంటే మొదట తట్టేవి ఇవే. నాకు ఆ రెండు మాటలు విన్నా టగ్గు హారనే వినిపిస్తుంది.

నాన్న దగ్గర కూర్చుని ఈమధ్య టగ్గు మాటలు ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. సరంగు, టిండాల్, లాస్కర్, హాసర్. క్రేను దగ్గర "ఆబీస్" అంటే ఎత్తమని, "ఆరియా" అంటే దించమని. ఈ ఆరియా పోర్చుగీసు నావికుల అర్రియార్ నుంచి వచ్చింది, వాళ్ల భాషలోనూ దించడమే. వందల ఏళ్ల నుంచి ఓడలెక్కిన మనవాళ్లు నోటితో దాన్ని కాపాడుకొచ్చారు, ఏ బళ్లోనూ నేర్పలేదు. ఇప్పుడు కంటైనర్లకి రిమోట్లూ వాకీటాకీలూ వచ్చాయి, ఆ కేకలు తగ్గిపోయాయి. ఓడల్ని తాళ్లతో గట్టుకి కట్టే మూరింగ్ గ్యాంగుల్లో పనిచేసిన పెద్దలకి తాళ్ల ముళ్లకి, కొక్కేలకి వేరే పేర్లుండేవి. మీ ఇళ్లల్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే అడిగి చెప్పండి. వాళ్లు ఏ బెర్తులో, ఏ గ్యాంగులో చేశారో కూడా చెప్తే పేరు పక్కన అదీ రాసుకుంటాను.